సమాధుల మధ్య పెళ్ళి దెబ్బ

నేను ఒక డప్పును. ఒంగోలుకు పడమట, పొగాకు పండే నల్లరేగడి పొలాల పక్కన ఉన్న ఒక మాదిగపల్లెలో పుట్టాను. తోలుపనిలో చేయి తిరిగిన ముసలి గురవయ్య వేపచెక్క ముక్కలను గుండ్రంగా కూర్చి, దూడతోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల జిగురుతో నా ముఖానికి బిగించాడు. గడ్డిమంట సెగ తగిలితేగాని నాకు గొంతు లేవదు.

ఊరివాళ్ళ తీరు నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. నన్ను ముట్టుకుంటే మైల అనేవాళ్ళు. వాకిలి దాటి రానిచ్చేవాళ్ళు కాదు. అయినా నేను వెళ్ళందే ఒక్క శవమూ గుమ్మంలోంచి లేచేది కాదు, ఒక్క పెళ్ళీ ఊరేగేది కాదు.

గురవయ్య నన్ను తన అక్క కొడుకు పెంటయ్యకిచ్చాడు. పెంటయ్యకు ముందు పుట్టిన పిల్లలందరూ పురిట్లోనే పోయారట. వీడినైనా చావు అసహ్యించుకొని వదిలేస్తుందని, తల్లి వాడిని పుట్టగానే పెంటకుప్పమీద పడుకోబెట్టి ఎత్తుకుంది. చావు నిజంగానే వదిలేసింది. ఊరు మాత్రం ఆ పేరును పట్టుకొని వదల్లేదు. ముప్పయ్యేళ్ళు దాటినా వాడు పసివాళ్ళకు కూడా 'ఒరే పెంటిగా'నే.

పల్లెలో రెల్లుగడ్డి పాకలో గుడి నడిపే పాస్టరు దేవసహాయం పెంటయ్యకూ, అతని భార్య సంతోషమ్మకూ వాగులో బాప్తిస్మమిచ్చి, అతనికి జీవరత్నం అని పేరు పెట్టాడు. ఇకమీదట నువ్వు దేవుని బిడ్డవు అన్నాడు. జీవరత్నం తడిబట్టలతోనే నిలబడి, ఆ మాట తనలాంటి వాడికి కూడా వర్తిస్తుందా అని అడిగాడు. నీలాంటి వాడికే ముందు వర్తిస్తుందన్నాడు పాస్టరు. అయితే డప్పు మాత్రం పాత దేవతల కొలుపులో మోగిన వస్తువు గనుక దాన్ని విడిచిపెట్టమన్నాడు. నేను గుడిసెలో కొయ్యకు వేలాడాను. ఊరి నుంచి కబురొస్తే మాత్రం జీవరత్నం నన్ను దించేవాడు. అతను దేవునికి భయపడేవాడు, ఊరి పొలాలన్నీ ఏలే పెద్దింటికి ఇంకాస్త ఎక్కువ భయపడేవాడు.

ఆ ఏడు పొగాకు ఆకు కోతకు వచ్చే వేళకు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎస్తేరుకు విషజ్వరం తగిలింది. ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పల్లె అంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. అయినా పిల్ల బతకలేదు. పాటలు పాడి, ప్రార్థన చేసి పాతిపెట్టారు. క్రైస్తవ సమాధికి డప్పు కూడదు గనుక నేను కొయ్యమీదే ఉన్నాను.

గుడిసెకు తిరిగొచ్చాక సంతోషమ్మ నా వంక చూసి మొగుడితో అంది.

"ఊళ్ళో కాటికి పోయే పెతి ముసిలోడికీ కొడితివే. నీ బిడ్డ కాడికొచ్చేతలికి చేతులు పడిపోయినయ్యా?"

జీవరత్నం గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ వారం తిరక్కముందే పెద్దింటి ముసలాయన కాలం చేశాడు. పాలేరు వచ్చి, వాకిట్లో నిలబడి, పెంటిగాడు డప్పు తీసుకొని రావాలని చెప్పాడు. జీవరత్నం బయటికి వచ్చాడు. నన్ను దించలేదు.

"నా పేరు జీవరత్నం. నా బిడ్డకి కొట్టని డప్పు ఇంకెవరికీ కొట్టలేను. అయ్యతో అట్టాగే చెప్పు" అన్నాడు. 

శవం ఎండ ముదిరేదాకా ఆగింది. చివరికి పక్క ఊరి నుంచి ఎవరినో పిలిపించుకున్నారు. మర్నాటి నుంచి పల్లెకు పొలం పనులు లేవు. ఆకు కోతకు లారీలో బయటి కూలీలు దిగారు. పల్లెలో పొయ్యిలు ఒంటిపూటకు వచ్చాయి. ఒక్కపూట కొడితే నీ సొమ్మేం పోయేదని సొంతవాళ్ళే జీవరత్నాన్ని నిలదీశారు. పాస్టరు గుడికి వచ్చిన గుప్పెడు బియ్యం కూడా ఇంటింటికీ పంచి, తాను జావ తాగి ఊరుకున్నాడు. దేవుని బిడ్డలమైతే మనకీ ఆకలేమిటని ఆరాధనలో ఎవరో అడిగితే, దేవుని సొంత కుమారుడికే సిలువ తప్పలేదు కదా అని మాత్రం పాస్టరు అన్నాడు. ఆ జవాబు వాళ్ళ కడుపు నింపలేదు. అయినా తర్వాతి ఆదివారం ఒక్కరూ మానలేదు.

పునరుత్థాన పండుగ వచ్చింది. తెల్లవారకముందే అందరూ సమాధుల తోటకు వెళ్ళడం ఆనవాయితీ. సున్నం కొట్టిన సిలువల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాటలు ఎత్తుకున్నారు. సంతోషమ్మ నన్ను గోనెసంచిలో పెట్టుకొని వచ్చింది. ఆడది డప్పు ముట్టదు ఆ పల్లెలో. ఆమె ఎవరినీ అడగకుండా గడ్డి పోగుచేసి మంట వేసి, నన్ను తిప్పి తిప్పి కాచి, మొగుడి చేతికిచ్చింది.

జీవరత్నం పాస్టరు ముఖంలోకి చూశాడు. తర్వాత కూతురి మట్టిదిబ్బ వైపు తిరిగి నన్ను కొట్టే చిర్రపుల్ల ఎత్తాడు. నేను శవాల ముందు మోగే చావు దెబ్బకు సిద్ధపడ్డాను. అతని చేయి వేరే దారి పట్టింది. పాటలు ఆగిపోయాయి.

పాస్టరు దగ్గరికొచ్చి, అది ఏ దెబ్బ అని అడిగాడు.

"పెళ్ళి దెబ్బ, అయ్యగారూ. నా బిడ్డ మళ్ళా లేస్తదని చెప్తిరి గదా. లేసేదాన్ని ఏడుస్తా లేపేదెట్టా?"

దేవసహాయం వాక్యం ఎంతో చదివినవాడు, అందులో తంబురలూ తాళాలూ దేవుణ్ణి స్తుతించిన చోట్లు ఎన్నిసార్లు దాటిపోయాడో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. చివరికి "కొట్టు" అని, తానే పాట ఎత్తుకున్నాడు. సంతోషమ్మ ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది. పొద్దు పొడిచేదాకా నేను మోగాను.

ఊరి బెట్టు ఏరువాకతో సడలింది. కలుపుకు మనుషులు కావాలి. పంతం కంటే పైరు పెద్దది. క్షమాపణలేమీ జరగలేదు. పెద్దింటివాళ్ళు డప్పుకు మాత్రం మళ్ళీ కబురు పెట్టలేదు.

ఇప్పుడు పాక స్థానంలో రేకుల గుడి ఉంది, కీబోర్డు ఉంది, మరలు బిగించే ఫైబరు డప్పు ఉంది. జీవరత్నం సమాధుల తోటలో కూతురి పక్కనే పడుకున్నాడు. నా తోలు నడిమధ్యన చిరిగింది. గుడి వెనక గదిలో, విరిగిన కుర్చీల పక్కన గోడకు ఆనించారు. గురవయ్య తర్వాత పల్లెలో తోలు బిగించేవాళ్ళు లేరు.

శనివారం గది ఊడ్చేటప్పుడు సంతోషమ్మ పమిట కొంగుతో నా దుమ్ము తుడుస్తుంది. మొన్న ఆ చిరుగులో వేలు పెట్టి కాసేపు తడిమింది.

"దిగులుపడబాక. మళ్ళా లేసేనాడు మనకి మల్లేనే నీకూ కొత్త తోలు ఏస్తాడులే" అంది.

ఎవరు వేస్తారో ఆమె చెప్పలేదు. చీపురు తీసుకొని పక్క గదిలోకి వెళ్ళింది.