అత్త సీసాలు, అల్లుడి దవడ

అతను వెల్డింగు షెడ్డులో పనిచేసేవాడు. కింది దవడ ముందుకు పొడుచుకు రావడంతో పక్కనుంచి చూస్తే ముఖం నెలవంకలా ఉండేది. షెడ్డులో నెలవంక అన్న పేరే స్థిరపడిపోయింది. పైవీ కిందివీ ముందుపళ్లు ఒకదానికొకటి ఎన్నడూ తగిలి ఎరగవు. రొట్టె అయినా వేళ్లతో తుంచి లోపలికి తోసుకుని నమలాల్సిందే. అలాగే నెట్టుకొచ్చి, చివరికి పళ్లకు తీగలు కట్టించుకుని, పళ్లు వరుసకు వచ్చాక దవడ ఆపరేషనుకు సిద్ధమయ్యాడు.

తల్లీ తండ్రీ లేని అతణ్ణి పెంచింది మేనత్త. దిండు గలీబులు కుట్టి పెంచింది. ఆమెకు రెండే నమ్మకాలు: మేనల్లుడు బంగారం, బలం సీసాల్లో దొరుకుతుంది. పొద్దున్నే చేపనూనె గుళికలు, వెల్లుల్లి గుళికలు, విటమిన్ బిళ్లలు అతని పళ్లెం అంచున పెట్టేది. ఆపరేషను తేదీ ఖాయమయ్యాక మోతాదు పెంచింది. కత్తి కిందికి వెళ్లేవాడికి ఒంట్లో సత్తువ ఉండొద్దూ అని ఆమె ఆలోచన.

ఆపరేషను దగ్గర పడ్డాక మత్తు డాక్టరు ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏమైనా మందులు వాడుతున్నావా?"

"ఏమీ లేవండి," అన్నాడు నెలవంక.

"మందులనే కాదు. నూనెలు, మూలికలు, బలానికి బిళ్లలు, ఏవైనా సరే."

నెలవంక అత్త వైపు చూశాడు.  ఆమె చేతిసంచిలోంచి ఒక్కో సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి మందులు కావు బాబూ. ఒట్టి బలానికే."

డాక్టరు ఒక్కో సీసానూ తిప్పి చదివాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

"వీటిలో కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేయొచ్చమ్మా. మామూలు రోజుల్లో మీకది తెలియను కూడా తెలియదు. ఎముక కోసేటప్పుడు మాత్రం ఆ సందేహం పెట్టుకుని నేను మత్తివ్వలేను. ఇవి ఆపేయండి. రెండు వారాలు ఆగి చేద్దాం."

బయటికొచ్చాక నెలవంక అత్తకన్నా ముందు విసవిసా నడిచాడు. పెట్టిన సెలవంతా వృథా అయిందని కోపం. బస్సు ఎక్కాక అత్తే నోరు విప్పింది.

"నా చేత్తోనే పెట్టానురా అల్లుడూ."

అతని కోపం ఎటో పోయింది. "ఆయన రెండోసారి అడక్కపోతే?" అన్నాడు మెల్లగా. అత్త అతని మోచెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు.

రెండు వారాల తర్వాత ఆపరేషను జరిగింది. ముఖం గుమ్మడికాయంత వాచింది. పై పళ్లనూ కింది పళ్లనూ రబ్బరు పట్టీలతో కలిపి కట్టారు. పెదవీ గడ్డమూ మొద్దుబారాయి.

"ఇన్నేళ్లకు నీ నోరు కట్టేసేవాళ్లు దొరికార్రా," అంది అత్త. అతను నవ్వబోయి, నొప్పికి ఆగి, కళ్లతోనే నవ్వాడు.

ఇంటికి పంపేటప్పుడు మందులన్నీ నీళ్ల మందులే ఇచ్చారు. నొప్పికొకటి, చీము పట్టకుండా ఒకటి, పుక్కిలించడానికి ఒకటి. రక్తపరీక్షలో తక్కువగా కనబడ్డ విటమిన్ డి కూడా చుక్కల రూపంలోనే రాశారు. బిళ్లలు సొంతంగా నూరి పోయొద్దని నర్సు గట్టిగా చెప్పింది. ఇంత సత్తువ తగ్గినవాడికి ఇంకేమీ వద్దా అని అత్త మనసు పీకింది. అయినా రాసిచ్చినదానికి చుక్క ఎక్కువ పోయలేదు. సూదిలేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా వదిలేది.

ఒక మధ్యాహ్నం అతనికి కడుపులో తిప్పింది. నోరు తెరవలేడు. భయంతో కళ్లు పెద్దవయ్యాయి. అత్త నర్సు చూపించినట్టే అతణ్ణి ముందుకు వంచి తల పట్టుకుంది. పళ్ల సందుల్లోంచే అంతా బయటికి వచ్చేసింది. ఊపిరి ఆడింది. "పోయింది, పోయింది," అంటూ ఆమె వీపు నిమురుతూనే ఉంది.

వాపు తగ్గింది. పట్టీలు తీశారు. కొన్ని నెలలకు ఆపరేషను చేసిన సర్జను కొత్త ఎక్స్‌రేను కోసిన కొత్తలో తీసిన పాతదాని పక్కన తెర మీద పెట్టి చూపించింది. పాతదాంట్లో కోసినచోట నల్లటి సందు. కొత్తదాంట్లో ఆ సందు నిండా తెల్లటి మబ్బులాంటిది.

"ఇది కొత్త ఎముక," అంది సర్జను.

అత్త దగ్గరికి జరిగింది. "ఏ సీసాదమ్మా ఈ పని?"

"ఏ సీసాదీ కాదమ్మా. మేం కోసి, జరిపి, పలకలతో కదలకుండా బిగించాం. మీరు పోసిన మందు నొప్పి తగ్గించింది, చీము పట్టకుండా కాచింది. పూడ్చుకున్నది మాత్రం అతని ఒళ్లే."

నెలవంక తెరకు కళ్లప్పగించాడు. "ఇనుము అతకాలంటే మాకు నిప్పు కావాలి డాక్టరుగారూ. ఇది నేను పడుకుని ఉండగా జరిగిందా?"

"పడుకున్నప్పుడూ, మీ అత్తతో పోట్లాడుతున్నప్పుడూ."

 అత్త, పొద్దున్నే పళ్లెం అంచున గుళికలు పెట్టిన తన చేతిని తిప్పి చూసుకుంది. దాని లోపల కూడా ఎవరో చప్పుడు లేకుండా పని చేస్తున్నట్టు అనిపించింది.

ఇంటికొచ్చి అతను మంచినీళ్లు తాగాడు. మొద్దుబారిన పెదవి మీంచి నీళ్లు గడ్డం మీదికి కారడం రోజూ ఉన్నదే. అత్త చెబితేగానీ అతనికి తెలిసేది కాదు. ఈసారి ఆమె చెప్పకముందే అతని చెయ్యి గడ్డం మీదికి వెళ్లింది.

"తెలిసిందా?" అంది అత్త.

"చల్లగా ఉంది."

ఆమె వేలు నీళ్లలో ముంచి గడ్డానికి ఒక పక్క తాకించింది. "ఇక్కడ?"

"ఊఁ."

"ఇక్కడ?"

"చీమలు పాకినట్టుంది అత్తా."

ఆమె మళ్లీ వేలు తడుపుకుంది.