ఆగమన్నప్పుడు ఆగని హాపర్

మా ఆడపడుచు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఆయన చెప్పే జవాబు ఒకటే. "పైనుంచి ఇసుక పోస్తుంది, కింద పట్టుకుంటుంది. దానికి డాక్టరేటు కూడా ఇచ్చారు."

అందులో అబద్ధమేమీ లేదు. చిట్టి భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. గింజల్లాంటివి ఇరుకు దారిలోంచి చక్కగా జారుతూ జారుతూ ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోతాయన్నది ఆమె పరిశోధన. నేను గరాటు పెట్టి పప్పు డబ్బాలోకి వంపుతున్నా పక్కన చేరేది. "వదినా, ఇంకాస్త వంచు. అదిగో, ఆగింది!" అని సంబరపడేది. కింద పడ్డ పప్పు ఎత్తేది మాత్రం నేను.

మా ఆయనకి పశువుల దాణా ఫ్యాక్టరీ ఉంది. బియ్యపు గింజకి పెద్దన్నల్లా ఉండే గుళికలని హాపర్‌లో, అంటే మనిషి కంటే ఎత్తైన ఇనుప గరాటులో పోస్తే, కింద మూతిలోంచి సంచుల్లో పడాలి. పడుతూ పడుతూ టక్కున ఆగిపోతాయి. అప్పుడు మేస్త్రి చెక్క సుత్తితో హాపర్ నడుం మీద నాలుగు బాదుతాడు. మళ్లీ కదులుతాయి. పొద్దస్తమానం ఇదే తంతు. హాపర్‌కి ఒళ్లంతా సొట్టలే.

ఒకే జబ్బుని చెల్లెలు చదువుతోందనీ, అన్నగారు బాదుతున్నారనీ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర చిట్టి అన్నం కెలుకుతూ కూర్చుంది.

"మా ల్యాబు ఎత్తేస్తారేమో వదినా. వచ్చేవారం కమిటీ వస్తోంది. పెద్దాయన ఆర్థికవేత్త. ప్రతి ల్యాబునీ ఒకటే అడుగుతున్నారట, మీ పనివల్ల దేశానికేంటి అని."

"నేను ఎన్నాళ్లుగానో అడుగుతున్నది అదేగా!" అన్నారు మా ఆయన.

చిట్టి నవ్వలేదు. ఆయన చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది.

"సరేలే, ఇన్నేళ్లకీ ఏం కనిపెట్టావో చెప్పు."

"మూతికి కాస్త పైన ఏదైనా అడ్డం పెడితే గింజలు ఆగడం బాగా తగ్గుతుంది."

"దారికి అడ్డం పెడితే బాగా వెళ్తాయా! గుమ్మంలో మీ వదినని నిలబెట్టి చూడు, ఎవరు బయటపడతారో."

"నేను నిలబడబట్టే మీరు రోజూ టైముకి బయటపడుతున్నారు" అన్నాను.

చిట్టి మొహంలోకి కాస్త కళ వచ్చింది. "అడ్డం లేకపోతే పైబరువంతా మూతి దగ్గరికొస్తుంది అన్నయ్యా. గింజలు ఒకదాన్నొకటి ఒత్తుకుని వంతెన కట్టేస్తాయి. ఆ బరువు అడ్డం మోసిందనుకో, వంతెన గట్టిపడదు. నీ హాపర్ ఒక్కసారి ఇవ్వవా?"

"ఇంకా నయం! నా లోడు ఎవరు పంపుతారు?"

"సెలవురోజు సుత్తికి ఎలాగూ విశ్రాంతేగా, ఇవ్వండి" అన్నాను.

సెలవురోజున హాపర్‌లో ఇనుప పైపు ముక్క అడ్డంగా బిగించారు. గుళికలు పోయగానే అంతకుముందు కంటే త్వరగా బిగుసుకుపోయాయి. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. చిట్టి గుప్పెడు గుళికలు తీసుకుని నేలమీద చతికిలబడింది.

"నేనూ నా మతీనూ! లెక్కలన్నీ గుండ్రటి గాజుపూసలకి కట్టాను. ఇవి పొడుగ్గా ఉన్నాయి."

ఇక నిచ్చెన దిగితే ఒట్టు. పైపు రెండువేళ్లు పైకి జరపడం, పోయడం, చూడడం, మళ్లీ జరపడం. సాయంత్రానికి ముక్కుమీద కూడా దాణా పొడే. చివరికి ఒకచోట పైపు కుదురుకుంది. మేస్త్రి సుత్తి పట్టుకుని, బస్సు కోసం చూసే మనిషిలా నిలబడ్డాడు. ఎంతకీ బస్సు రాలేదు. మా ఆయన నవ్వు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

చిట్టి పిలుపు మీద కమిటీ నేరుగా ఫ్యాక్టరీకే వచ్చింది. పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వరసగా నిండుతున్న సంచులని చూశారు.

"బాగుందమ్మా. ఇదివరకు ఆగేదని నమ్మకమేమిటి? ఆ పైపు తీసి చూపించండి."

తీశారు. గుళికలు ధారగా పడుతున్నాయి. సంచి మీద సంచి నిండుతోంది. పైపు పెట్టకముందు ఇంతలో నాలుగుసార్లు మొరాయించే హాపర్, ఆ రోజు బుద్ధిమంతురాలైపోయింది.

మా ఆయన పెదాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్లి విన్నాను. "ఆగవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

"కొట్టమంటారా సార్?" అన్నాడు మేస్త్రి.

"కొడితే కదులుతుందయ్యా, ఆగుతుందా!" అని కసిరారు మా ఆయన.

పెద్దాయన గడియారం చూసుకున్నారు. మా ఆయన చెల్లెలి చెవి దగ్గర వంగి, "మూతిలోకి ఓ కర్రముక్క తోసెయ్యనా?" అన్నారు.

"వద్దన్నయ్యా." చిట్టి అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. పెద్దాయన వైపు తిరిగింది. "ఇప్పుడే ఆగుతుందని నేను చెప్పలేనండి, ఎవరూ చెప్పలేరు. ఎక్కువసేపు మాత్రం ఇలా సాగదని చెప్పగలను. కుర్చీ వేయిస్తాను, కాసేపు కూర్చుంటారా?"

ఆయన ఆమెని ఎగాదిగా చూసి కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. కప్పు పెదాల దాకా వెళ్లిందో లేదో, టక్. హాపర్ ఆగిపోయింది.

మా ఆయన చప్పట్లు కొట్టారు. మేస్త్రి కూడా. హాపర్ ఆగినందుకు ఆ షెడ్డులో చప్పట్లు మోగడం అదే మొదలు. పెద్దాయన రుమాలు జేబులో పెట్టి, సుత్తి అడిగి తీసుకుని స్వయంగా ఒకటిచ్చారు. కదిలింది. గుక్కెడు టీ తాగేలోపు మళ్లీ ఆగింది. ఈసారి ఇంకాస్త ఉత్సాహంగా బాదారు. పైపు మళ్లీ బిగించాక సుత్తికి పని లేకపోయేసరికి కొంచెం నిరుత్సాహపడ్డట్టే కనిపించారు.

"దీనివల్ల దేశానికి ఎంత లాభమమ్మా?"

"మొత్తంగా నాకు తెలీదండి. ధాన్యం, సిమెంటు, మందుబిళ్లలు, ఇరుకు మూతిలోంచి పడేవి చాలా ఉన్నాయి. ఒక్కోదానికి లెక్క మళ్లీ కట్టుకోవాలి. అసలు నేను దాణా కోసం మొదలుపెట్టలేదు. ఎందుకు ఆగుతాయో తెలుసుకుందామని మొదలుపెట్టాను."

ఇక మా ఆయన ఉండబట్టలేకపోయారు. "నా సంగతి నేను చెప్తానండి. ఈ వారమంతా మేస్త్రికి బాదే పని లేక, ఏడాదిగా మూలపడ్డ రెండో మిషను బాగుచేశాడు. అదీ నడుస్తోంది."

"అదేదీ, చూపించండి" అంటూ పెద్దాయన లేచారు. ఆ మిషను దగ్గర చాలాసేపే ఉన్నారు. వెళ్తూ వెళ్తూ చిట్టితో, "ల్యాబు ఉంటుంది. మీరు మాత్రం గాజుపూసలు వదిలి అప్పుడప్పుడూ ఇలాంటి చోట్లకి రావాలి" అన్నారు. సుత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. మేస్త్రి కారుదాకా వెళ్లి వెనక్కి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని మరీ చెప్తారు. "మా చెల్లెలా? దేశం ముందుకి కదలాలని దారికి అడ్డం పెడుతూ ఉంటుంది."

విన్నవాళ్లు తెల్లమొహం వేస్తారు. వాళ్లకి విడమరిచి చెప్పే పని నాది.