దూరంగా పెట్టిన మంచినీళ్ళు

మా వీధివాళ్ళంతా పిల్లాజెల్లాతో పార్కులో గడిపే రోజు ఏడాదికోసారి వస్తుంది. ఈసారి ఏర్పాట్లు నేనే అడిగి మరీ మెడకు చుట్టుకున్నాను. ఒకప్పుడు అవి నాన్న చూసేవాడు.

నాన్న దర్జీ. ముందురోజు సాయంత్రం చెప్పులు విప్పేసి పార్కంతా నడిచేవాడు. అరికాలికి తగిలిన గాజుపెంకులూ మేకులూ వెనకే నడిచే నా చేతిలోని డబ్బాలో పడేవి. గుంట చుట్టూ తాడు కట్టేవాడు. పెద్దవాళ్ళకు చేతులున్న కుర్చీలే వేయించేవాడు. అన్నిటికీ మెచ్చుకునేవారు గానీ ఒక్కదానికి మాత్రం ఏడిపించేవారు. మంచినీళ్ళ డ్రమ్మును ఆయన ఎక్కడో మూలకి, మరుగుదొడ్ల దారిలో పెట్టేవాడు.

“ఏం టైలరూ, గుక్కెడు నీళ్ళకి బస్సు టిక్కెట్టు కొనుక్కోవాలా?” అని ఏటా అడిగేవాడు ఎదురింటాయన. నోరు మూతపడదు కాబట్టి ఆయన్ని రేడియో బాబాయి అనేవాళ్ళం. నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాకు తలకొట్టేసినట్టుండేది.

ఆపరేషన్ అయ్యాక నాన్న మాటిమాటికీ బాత్రూముకి లేవాల్సి వస్తోంది. అప్పట్నుంచి పెళ్ళికి పిలిచినా పేరంటానికి పిలిచినా నెపం మోకాళ్ళ మీదకి నెడుతున్నాడు. గుమ్మం దాటడం మానేసిన మనిషి మెల్లగా మాటలు కూడా మానేస్తున్నాడు. నా భయం అదే. వందమంది కోసం ఏర్పాట్లు చేస్తున్నానని వీధి అనుకుంది. నాకు కావలసింది మాత్రం ఆయనొక్కడు వచ్చి, సాయంత్రం దాకా కూర్చోవడం.

స్థలం చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనూ చెప్పులు విప్పాను. నడుస్తూ నడుస్తూ నాన్న డ్రమ్ము పెట్టే ఆ మూలకి చేరాను. నాయనమ్మ గుర్తొచ్చింది. గ్లాసు పట్టుకుని లేచేది, కాసేపటికి మళ్ళీ లేచేది. ఆమె వెనకాల పక్కింటి తాతగారు, ఆయన వెనకాల రేడియో బాబాయి వాళ్ళమ్మ. ఈ ముసలివాళ్ళకి ఇంత దాహమేమిటని మేం పిల్లలం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. వాళ్ళు ఎటు వెళ్తున్నారని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. చేతిలో గ్లాసుంది కదా.

కొలతలు తీసుకునేవాడికి మనుషులు దాచుకున్నవి తెలిసిపోతాయి. తెలిసినట్టు కనబడకపోవడం కూడా నాన్న పనిలో భాగమేమో.

నీళ్ళు స్టేజీ పక్కనే ఉండాలని మా వీధి సంఘం సెక్రటరీ పట్టుబట్టాడు. కరెంటు తీగలున్న చోట నీళ్ళు కారితే ప్రమాదమన్నాను. అది నిజమే, కానీ అసలు కారణం నా నోట రాకూడదు. మీ ఇంట్లో ఇదేదో వంశపారంపర్యంగా వస్తున్నట్టుందని విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఇంట్లో నాన్న చొక్కాకి గుండీ కుడుతున్నాడు. డ్రమ్ము పాత మూలలోనే పెట్టిస్తున్నానని, ఏదో మాటల్లో వచ్చినట్టు చెప్పాను. సూది ఆగింది. ఆయన తలెత్తలేదు. కాసేపటికి దారం పంటితో కొరికి, ఆ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు.

ఆ రోజు వచ్చి, చివరి వరసలో చేతుల కుర్చీలో కూర్చున్నాడు. మొదటిసారి లేచినప్పుడు నేను కావాలనే వేరేవైపు చూశాను. తిరిగొచ్చేటప్పటికి ఆయన చేతిలో గ్లాసు నిండుగా ఉంది.

మధ్యాహ్నం దాటాక రేడియో బాబాయి కర్ర ఒక చేత్తో, ఖాళీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని మా ముందునుంచి ఆ మూలకేసి నడిచాడు. అది ఎన్నోసారో. నాన్న గొంతు తగ్గించి అన్నాడు.

“టిక్కెట్టు తీసుకున్నావా?”

బాబాయి ఆగాడు. గ్లాసు వైపు చూశాడు, దారి వైపు చూశాడు, నాన్న మొహంలోకి చూశాడు. వెళ్ళి, తిరిగొచ్చి నాన్న పక్క కుర్చీలో కూలబడ్డాడు.

“అప్పట్లోనే చెప్పొచ్చు కదరా,” అన్నాడు.

“చెప్తే మీ అమ్మ లేచేదా?”

తర్వాత ఇద్దరూ ఏవో పాత సంగతుల్లో పడ్డారు. నాన్న గొంతు నాకు దూరం నుంచి కూడా వినిపిస్తూనే ఉంది. ఎండ వాలింది. కుర్చీలు మడిచి బండికెక్కిస్తున్న మనిషి ఆ వరస దాకా వచ్చి నావైపు చూశాడు. ఆ రెండూ ఆఖర్న తీసుకెళ్ళమన్నాను.