నీ స్లాబ్ ఎంత కాక?

నా పేరు రాయమల్లు. గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్‌ని. మనుషులు పనిలోకి దిగేముందు బాయి కప్పును కర్రతో కొట్టి, గట్టిగా ఉందో డొల్లగా ఉందో చెప్పడం నా పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని బాయి మొత్తానికి తెలుసు. మార్చి నెలలో అయితే నా జోలికి ఎవరూ రారు. ఆ నెల జీతం చీటీలో ఇన్‌కమ్ ట్యాక్స్ కోత చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ మార్చిలో రంజాన్ వచ్చింది. సెకండ్ షిఫ్టులో ముగ్గురం ఒక మూల సొరంగానికి, మా మాటలో గ్యాలరీకి, పంపు బాగుచేయడానికి పోతున్నాం. ఫిట్టర్ ముష్తాక్ రోజా ఉన్నాడు. ఇంకొకడు భూపాల్. వాళ్ల నాయన ఇదే బాయిలో పోతే ఆ కొలువు వీడికి వచ్చింది. బీటెక్ చదివి జనరల్ మజ్దూర్‌గా చేస్తున్నాడు. ఇంటి దగ్గర పాలు తాగే కూతురుంది.

దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను.

"ఆదివారం ఇల్లిడిసిపెట్టి, డబల్ జీతమని ప్లేడే చేస్తి. పేరుకే ఆట, పీనుగు పని. ఆ పైసలల్ల మూడో వంతు సర్కారుకే పాయె. ఎక్కువ కష్టపడ్డందుకు జుర్మానా ఏందిరా? గిదేం న్యాయం?"

"నీ స్లాబ్ ఎంత కాక?" అన్నాడు భూపాల్ చాలా అమాయకంగా.

"ముప్పై!"

"నాది సున్నా శాతం. రా, మార్చుకుందాం. నీ ముప్పై నాకియ్యి. నీ జీతంతోని సహా."

ముష్తాక్ పగలబడి నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా జకాత్ మంచిగుంటది అన్నా," అన్నాడు ముష్తాక్, నన్ను చల్లార్చాలని. "ఇంత ఆస్తి దాటినోడు నలబైల ఒక వంతు ఇయ్యాలె. నవాబుకైనా నాకైనా గదే హిసాబ్."

"అగో! న్యాయమంటే గది! అందరికీ ఒక్కటే లెక్క!"

"మరి అంత ఆస్తి దాటనోడో?" అన్నాడు భూపాల్.

"వాడు ఇయ్యడు. తీసుకుంటడు."

"ఇగ చూడు కాక. నువ్వు మెచ్చిన న్యాయంల గూడ ఇచ్చేటోడివి నువ్వే, తీసుకునేటోణ్ణి నేనే."

వాడి వీపు మీద ఒకటి వేద్దామని వెనక్కి తిరిగాను. అప్పుడే కప్పు పలికింది. చిన్న చప్పుడు, ఎండుకట్టె విరిగినట్టు. ఆ చప్పుడు తెలిసినవాడు ఆలోచించడు. "ఉరుకుండ్రి!" అని అరిచి ఇద్దర్నీ ముందుకు తోశాను.

మా వెనక, మేం వచ్చిన దారి మీదే కప్పు కూలింది. దుమ్ములో కళ్లు కనిపించలేదు. కాసేపటికి ముష్తాక్ మూలుగు వినిపించింది. ఒక పెళ్ల అతని పిక్క మీద పడింది. ఇద్దరం కలిసి లాగి, నా తువ్వాలతో గట్టిగా కట్టాం. కట్టిన తువ్వాల కట్టినట్టే తడిసిపోయింది.

టోపీ లైటు వేసి చూశాను. గ్యాలరీకి అడ్డంగా పెద్ద బండ పడి ఉంది. కప్పు నుంచి పొరగా ఊడి పడే అలాంటి వెడల్పాటి బండను కూడా మేం స్లాబ్ అనే అంటాం. దాని పైఅంచున చేయి పట్టేంత సందుంది. గాలి వస్తోంది. ఇటు లోపలి వైపు పోదామంటే పాత గ్యాలరీ నిండా నీళ్లు. టెలిఫోను పలకలేదు.

పంపు పైపు ఒకటి ఆ బండ పక్క నుంచే అవతలికి పోతుంది. గడ్డపారతో దాని మీద మూడు దెబ్బలు కొట్టాను. మనుషుల్ని బాయిలోకి దించే కేజ్ గంటల భాషలో మూడంటే మనుషులున్నారని. చాలాసేపటికి అవతలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. భూపాల్ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చేవాణ్ణే గాని, అప్పుడే మెడ మీద సన్నగా రాళ్లు రాలాయి. పైపు మీది కప్పును కర్రతో కొట్టి చూశాను. డొల్ల. ఏ క్షణాన్నైనా ఊడుతుంది. ఇద్దర్నీ దూరంగా మంచి కప్పు కిందికి తీసుకుపోయి కూర్చోబెట్టాను.

లైట్లు దాచుకోవాలని ఆర్పేశాం. బాయి చీకటి బయట ఉండే చీకటి కాదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే.

భూపాల్ సంచి బండ కింద పోయింది. ముష్తాక్ దగ్గర నాలుగు ఖర్జూరాలు, చిన్న సీసా ఉన్నాయి. నాకు షుగరు కాబట్టి పెద్ద క్యాను నిండా నీళ్లు తెచ్చుకుంటాను.

"ఎన్నడు బయటపడతమో ఏమో. నీళ్లు ఒక్క దగ్గర పెట్టుకుందాం," అన్నాను.

"తలా ఎంత పెట్టాలె కాక? అందరికీ ఒక్కటే లెక్కనా?" అన్నాడు భూపాల్. అంత చీకట్లోనూ వాడి బుద్ధి పోలేదు.

"మూసుకొని తాగురా," అని క్యాను వాడి చేతిలో పెట్టాను.

నా గడియారం ముళ్లు చీకట్లో మెరుస్తాయి. పొద్దు గూకిందని చెప్పాను. ముష్తాక్ ఏదో మెల్లగా చదువుకొని మా చేతుల్లో చెరొక ఖర్జూరం పెట్టి, తానొకటి నోట్లో వేసుకున్నాడు. సీసా అంచుకు అతని పళ్లు టకటక కొట్టుకోవడం వినిపించింది.

అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. రెస్క్యూ వాళ్లు వచ్చారు. ఆ దెబ్బలకు మా మీది కప్పు కూడా పలకడం మొదలుపెట్టింది. మొదటిసారి పలికినప్పుడు చీకట్లోంచి భూపాల్ గొంతు వచ్చింది.

"నీ స్లాబ్ ఎంత కాక?"

"ముప్పై రా, నీ అవ్వ!"

ముష్తాక్ నొప్పిలోనే కిసుక్కుమన్నాడు. ఇక అదే పట్టుకున్నాం. కప్పు పలికితే చాలు, వాడు అడిగేవాడు. నేను గొంతు చించుకొని "ముప్పై!" అనేవాణ్ణి. ఆ అరుపులో కప్పు చప్పుడు వినపడేది కాదు. అంతవరకైనా మేలు అనిపించేది. తర్వాత తర్వాత భూపాల్ గొంతు నీరసపడింది. ముష్తాక్ నవ్వడం మానేశాడు. నేను మాత్రం పలుకుతూనే ఉన్నాను.

సుత్తి దెబ్బలు కాసేపు ఆగాయి. మళ్లీ సన్నగా వినిపించింది.

"స్లాబ్ ఎంత?"

"ముప్పై! ముప్పై! చెవుడారా నీకు?" అని ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

ముష్తాక్ చేయి తడుముకుంటూ వచ్చి నా మోచేయి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది.

"అన్నా... గిప్పుడు అడిగింది భూపాల్ గాదు."

"నేనేం అడగలేదు కాక," అన్నాడు భూపాల్ నా ఎడమ పక్క నుంచి.

గొంతు సందులోంచి వచ్చింది. బండ మందం ఎంతని రెస్క్యూ వాళ్లు అడిగారు. అది మూడడుగులు. నేను ముప్పై అన్నాను. ముప్పై అడుగుల బండను ఎవడు పగలగొడతాడు? అవతల మాటలు వినపడ్డాయి. "వెనక నుంచి" అన్న ముక్క ఒక్కటే తెలిసింది. వెనకంటే మా లోపలి వైపున్న నీళ్లు నిండిన గ్యాలరీ. ఆ నీళ్లు తోడి రావాలంటే తెల్లారుతుంది. ముష్తాక్ కాలు తెల్లారేదాకా ఆగదు.

"మూడు! మూడే!" అని ముగ్గురం అరిచాం. జవాబు లేదు. సుత్తి చప్పుడు లేదు. అడుగులు దూరమైపోయాయి. నా బతుకులో అంత భయం ఎన్నడూ పడలేదు.

ఇక ఒక్కటే దారి. వాళ్లు పైపు వెంటే నడిచిపోతున్నారు. పైపు కొడితే వింటారు. కాని పైపు దగ్గరికి పోవాలంటే ఆ డొల్ల కప్పు కిందికి పోవాలి.

భూపాల్ లేచాడు. లైటు వేసుకున్నాడు. "నేను పోత కాక. జల్ది కొట్టి జల్ది వస్త."

"నీకు కప్పు మాట తెలుస్తదా? ఎప్పుడు ఆగాలె, ఎప్పుడు దుంకాలె తెలుస్తదా?"

తెలియదు. నాకు తెలుసు. అదే నాకు మండింది. తెలిసినవాడే ముందు పోవాలా? ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ కట్టు, ఎక్కువ తెలిస్తే ఎక్కువ కట్టు! సర్కారును, కంపెనీని, ఆ పంపును, అన్నిటినీ బూతులు తిడుతూ గడ్డపార అందుకున్నాను. నాకు పోబుద్ధి కాలేదు. ఈ మాట దాచను.

భూపాల్ గడ్డపార రెండో కొన పట్టుకొని వదల్లేదు. వాడి లైటు వెలుగులో గడ్డం మీద ఇంకా సరిగా రాని వెంట్రుకలు కనిపించాయి. వాళ్ల నాయన శవాన్ని పైకి తెచ్చిన నలుగురిలో నేనొకణ్ణి.

"నీకు మినహాయింపు ఉన్నది," అన్నాను. "కూసో."

వాడు కూర్చున్నాడు.

గోడకు ఆనుకొని పోయాను. కప్పు వైపు చూడలేదు, విన్నాను. పైపు మీద మూడు దెబ్బలు కొట్టాను. రాళ్లు రాలాయి. ఆగాను. మళ్లీ మూడు. ఏమీ లేదు. మళ్లీ మూడు. భుజం మీద గుప్పెడంత పెళ్ల పడింది. చేయి తిమ్మిరెక్కింది. రెండో చేత్తో కొట్టాను. నాకు ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. మూడు, మూడు, మూడు అనుకుంటూ కొట్టాను.

దూరం నుంచి మూడు దెబ్బలు వచ్చాయి.

సందుకు నోరు పెట్టి అరిచాను. "మూడడుగులే! ముప్పై గాదు! మూడు!" కప్పు పెద్దగా పలికింది. వెనక్కి దూకాను. నేను నిలబడిన చోట పైపు మీద బండ పడి, పైపు వంగిపోయింది.

వాళ్లు తిరిగొచ్చి, దారికి అడ్డం పడ్డ ఆ మూడడుగుల బండను పగలగొట్టి మమ్మల్ని తీశారు. ముందు ముష్తాక్‌ను, తర్వాత భూపాల్‌ను, చివర నన్ను. కేజ్‌లో పైకి వస్తుంటే రెస్క్యూ టీం సదానందం నా చెవి దగ్గర అన్నాడు.

"ముప్పై అంటివి గదనే అన్నా. ముప్పై అడుగులంటే, ఇగ మిమ్ముల ప్రాణంతోని తీసుడు గాదనుకున్నం."

బాయి బయట ముష్తాక్ భార్య షహజాదీ బేగం దవాఖాన బండి వెనక ఉరికింది. భూపాల్ కూతుర్ని ఎత్తుకొని, పిల్ల మెడలో ముఖం పెట్టి నిలబడిపోయాడు. నాకు మాత్రం నేల మీద నిలబడినా కప్పు పలుకుతున్నట్టే ఉంది.

మార్చి వస్తే ఇప్పటికీ తిడతాను. ఆ కోత న్యాయమని నేను ఒప్పుకోను, ఎవరు చెప్పినా ఒప్పుకోను. కాని క్యాంటీన్‌లో ఎవడైనా సరదాకి "రాయమల్లన్నా, నీ స్లాబ్ ఎంతనే?" అంటే ముప్పై అన్న మాట నా నోటికి రాదు. మూడు వేళ్లు చూపిస్తాను. సున్నా తీసేసినవా అని అందరూ నవ్వుతారు. ఊతకర్ర పక్కన పెట్టుకొని కూర్చున్న ముష్తాక్ నవ్వడు. భూపాల్ చాయ్ వదిలేసి బయటికి పోతాడు.