ఎనభై ఐదు వేల తేడా

వాచీ ఒకటే. కంపెనీ ఒకటే, మోడల్ నంబరు ఒకటే, డబ్బా కూడా ఒకటే. షోరూములో మూడు లక్షల ఎనభై వేలు. రోడ్డు దాటి, మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళితే రెండు లక్షల తొంభై ఐదు వేలు. షోరూమువాళ్ళు కంపెనీ కార్డు ఇస్తారు, ఐదేళ్ళకు. రెండో అంతస్తులో షాపు కార్డు ఇస్తారు, ఏడాదికి.

ఈ లెక్క ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. అందరికన్నా బాగా తెలిసినవాడు రెండో అంతస్తుకు వెళ్ళే మెట్ల కింద, ఆరడుగుల గదిలో కూర్చునే వాచీ మెకానిక్. ముప్పై ఎనిమిదేళ్ళుగా కుడి కంటికి అద్దం బిగించుకుని పని చేస్తున్నాడు కాబట్టి అతన్ని ఒంటికన్ను మామ అంటారు. రెండు కళ్ళూ ఉన్నాయి. మామా అని పిలిచేవాళ్ళలో అతని కన్నా పెద్దవాళ్ళూ ఉన్నారు.

మామ చేతికి ఎప్పుడూ వాచీ లేదు. పని చేసేటప్పుడు పట్టీ బల్లకు రాసుకుంటుంది. ఎదురుగా గోడ మీద పదకొండు గడియారాలున్నాయి. కొనుక్కోమన్నది అక్క.

అక్కా తమ్ముడూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. అక్క స్కూలు యూనిఫారాలు కుట్టేది. కుట్టిన డబ్బుతో బ్యాంకులో ఇద్దరి పేరునా ఒక డిపాజిట్ వేసింది.

"ఊళ్ళో అందరి వాచీలూ బాగు చేశావు. నీ చేతికొకటి కొనుక్కోరా. మంచిది కొనుక్కో" అంది ఒకరోజు.

"ఎందుకే అంత డబ్బు తగలెయ్యడం?"

"నేను పోయాక ఆ పాస్‌బుక్కు చేతికి కట్టుకుని తిరుగుతావా?"

"నువ్వు ముందు పోవులే."

"పోతాలే, తొందరపెట్టకు."

నాలుగు నెలలకు పోయింది. ఇప్పటికి పది నెలలైంది. డిపాజిట్ నాలుగు లక్షల ముప్పై ఐదు వేలు అతనికి వచ్చింది.

అక్క ఆ మాట అనడానికి ముందు ఒకటి జరిగింది. అక్కకు చూపు తగ్గాక సూదిలో దారం మామే ఎక్కించేవాడు. ఆ సాయంత్రం నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఐదోసారికి ఎక్కింది. అక్క మర్నాడు బజారు నుంచి దారం ఎక్కించే తీగ కొనుక్కొచ్చి మిషను సొరుగులో పెట్టుకుంది. ఆ తర్వాత సూది అతనికి ఇవ్వలేదు.

మామ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వణుకుతున్నాయి. మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది కానీ పోదని డాక్టరు చెప్పాడు. బ్యాటరీ మార్చడానికి, పట్టీ వెయ్యడానికి ఆ చెయ్యి చాలు. వాచీ లోపల చక్రాన్ని చిమటాతో పట్టి, వెంట్రుకంత స్ప్రింగును కదలకుండా కూర్చోబెట్టడానికి చాలదు. అలాంటి వాచీలు వస్తే "పార్టు దొరకట్లేదు" అని తిప్పి పంపేవాడు. తిప్పి పంపలేనివి రెండో అంతస్తు నుంచి వచ్చేవి.

రెండో అంతస్తు యజమానిని డిస్కౌంటు అంటారు. అతని సొంత పేరుతో పిలిస్తే అతనే వెంటనే పలకడు. ఎక్కడెక్కడో మిగిలిపోయిన సరుకు హోల్‌సేల్‌గా తెచ్చి తక్కువకు అమ్ముతాడు. నకిలీలు అమ్మడు. అతనిచ్చే ఏడాది కార్డు మీద ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: ‘ఏ లోపం వచ్చినా మా నిపుణుడు ఉచితంగా సరిచేస్తాడు.’ ఆ నిపుణుడు మామ. పదకొండేళ్ళుగా ఆ కార్డు కింద చెడిన ప్రతి వాచీ కవరులో పడి మెట్లు దిగి మామ దగ్గరకు వచ్చింది. బాగై మెట్లెక్కింది. వాచీకి పదిహేను వందలు ఇచ్చేవాడు.

వణుకు ముదిరాక కూడా కవర్లు రావడం ఆగలేదు. మామ వాటిని జేబులో వేసుకుని, మధ్యాహ్నం షట్టరు దించి, రోడ్డు దాటి, షోరూము లోపలున్న సర్వీసు కౌంటర్లో ఇచ్చాడు. కంపెనీ కార్డు లేని వాచీకి పూర్తి చార్జీ. ఎనిమిది నెలల్లో ఆరు వాచీలు, నలభై ఏడు వేలు. డిపాజిట్‌లోంచి కట్టాడు. బాగైన వాచీని పైకి తీసుకెళ్ళి ఇచ్చి, పదిహేను వందలు తీసుకున్నాడు. తీసుకోకపోతే డిస్కౌంటు ఎందుకని అడుగుతాడు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి కొత్తగా చేరింది. ఆమె లెక్కలో మామ వాచీలు పోగుచేసే షావుకారు.

"సార్, ఇది ఆరోది! ఇంట్లో వీటికి అల్మరా ఉందా, గదే ఉందా?"

"అల్మరానే."

"ఆంటీ ఏమీ అనరా?"

"అనదు."

అలా వెళ్ళిన రోజుల్లో ఆ నాలుగు మాటలూ అయ్యాక, ఇంటికెళ్ళి పడుకునేదాకా మామ ఇంకెవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఏడో కవరు గురువారం వచ్చింది. శనివారం పొద్దున మామ పాస్‌బుక్కు చూసుకున్నాడు. మూడు లక్షల ఎనభై ఎనిమిది వేలు. ఇంకో రెండు కవర్లు వస్తే, అక్క చెప్పినట్టు కొనుక్కుందామనుకున్న ఆ మూడు లక్షల ఎనభై వేల వాచీ షోరూములో కొనలేడు. రెండో అంతస్తులో కొంటే తొంభై మూడు వేలు మిగులుతాయి. వాటితో ఇంకో పది, పన్నెండు కవర్లు గడుస్తాయి. కవరు జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.

"రండి గురువుగారూ! పొద్దున్నే మీ ముఖం చూశాను, ఇవాళ బేరాలు బాగుంటాయి" అన్నాడు డిస్కౌంటు.

"బేరం నాదే."

"మీరు వాచీ కొంటారా? ఎవరికి?"

"నాకే."

డిస్కౌంటు కుర్చీలోంచి లేచాడు. "ఇన్నాళ్ళకి! ఎదురు షోరూములో అడగలేదు కదా?"

"అడిగాను. మూడు ఎనభై."

"మరి? ఎనభై ఐదు వేలు వాళ్ళ మొహాన ఎందుకు కొట్టాలి? వారంటీకా? మీకు వారంటీ ఏంటండీ, వంటవాడు పక్క హోటల్లో భోజనం టోకెను కొన్నట్టు!"

తన జోకుకు తనే నవ్వి, డబ్బా దించాడు. వాచీ తీసి గుడ్డ మీద పెట్టాడు. మామ దాన్ని ముట్టుకోలేదు. ఆ మోడల్ లోపల ఏ స్క్రూ ఎక్కడుంటుందో అతనికి తెలుసు. ఇరవై దాకా విప్పాడు. డిస్కౌంటు కార్డు పుస్తకం తెరిచి, తేదీ వేసి, పేరు రాసి, స్టాంపు కొట్టాడు.

"ఇది చెడిపోతే?" అన్నాడు మామ.

"మీరున్నారుగా."

"నా వల్ల కాకపోతే?"

"మీ వల్ల కాని వాచీ ఇంకా తయారవలేదు. ఏంటి గురువుగారూ, ఇవాళ పరీక్ష పెడుతున్నారు?"

మామ జేబులోంచి గురువారం నాటి కవరు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే కుడిచేతి వేళ్ళు ఆనించాడు. చూపుడువేలి గోరు గాజును కొడుతోంది. టిక్కు టిక్కుమని వినిపించింది. ఆ శబ్దం ఎక్కడిదా అని డిస్కౌంటు ముందు వాచీల వైపు చూశాడు. తర్వాత చేతిని చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది."

"మరి ఈ మధ్య మీరు చేసిచ్చిన ఆరు వాచీలు?"

"ఎదురుగా సర్వీసులో ఇచ్చాను."

"డబ్బులెవరు కట్టారు?"

"నేనే."

డిస్కౌంటు కూర్చున్నాడు. కార్డు పుస్తకం దగ్గరకు లాక్కుని, వేలు తడి చేసుకుంటూ వెనక్కి తిప్పాడు. ఏడాది ఇంకా పూర్తికానివి అరవై మూడున్నాయి. పుస్తకం మూశాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"అక్కకి తెలుసు."

"ఆవిడ పోయారు కదా."

"ఆఁ."

"అంటే ఎవరికీ తెలీదు." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకండి గురువుగారూ. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. అద్దం పెట్టుకుని కూర్చోండి చాలు. నేను వాచీ పంపిస్తాను, నాలుగు రోజులు మీ సొరుగులో ఉంచండి. తర్వాత నేనే ఎక్కడో ఒకచోట చేయించుకుంటాను. ఖర్చు నాది. కస్టమరు మెట్లు దిగేటప్పుడు మీరు కనబడాలి, అంతే. మీరు కింద ఉన్నారనే పైన కొంటున్నారు. నెలకి ఆరు వేలిస్తాను. ఈ వాచీ మీద ఇంకో ఇరవై తగ్గిస్తాను."

మామ గది అద్దె ఐదు వేలు. తేడా ఇప్పుడు లక్షా ఐదు వేలైంది. డిస్కౌంటు చెడ్డవాడు కాదు. అక్క పోయినప్పుడు రెండు రోజులు షాపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళు కూర్చోవాలి?" అడిగాడు మామ.

"మీరు కూర్చోగలిగినన్నాళ్ళు."

మామ తన పేరు రాసిన కార్డును వేలితో అవతలికి తోశాడు.

"ఇది చింపెయ్యి."

"నిదానంగా ఆలోచించుకోండి."

"ఏడాది ఆలోచించాను."

"మరి ఈ అరవై మూడు మందికీ నేనేం చెప్పను?"

"మెకానిక్ మానేశాడని చెప్పు. వచ్చినవి ఎదురుగా పంపించు. ఏడాదే కదా."

"ఏడాదిలో నేను మునుగుతాను."

"ఆరు వాచీలకి నేను మునగలేదు" అన్నాడు మామ. అని, డిస్కౌంటు ముఖం చూసి, అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. మెట్లు దిగాడు.

షోరూములో కౌంటరు అమ్మాయి నవ్వింది. "ఇవాళ ఏది తెచ్చారు సార్?"

"కొనడానికొచ్చాను."

ఆమే అమ్మకాల బల్ల దగ్గరకు తీసుకెళ్ళింది. డబ్బు బ్యాంకు నుంచి వెళ్ళింది. ఖాతాలో ఎనిమిది వేలు మిగిలాయి. ఆమె కంపెనీ కార్డు మీద తేదీ వేసి, నియమాలు చదివి వినిపించింది. నీళ్ళలో పడితే ఏమిటి, కింద పడితే ఏమిటి, పట్టీకి ఎన్నాళ్ళు.

"ముఖ్యమైంది ఇది సార్. బయట మెకానిక్కు ఎవరు తెరిచినా వారంటీ పోతుంది. రోడ్డవతల మెట్ల కింద ఎవరో ఒకాయన ఉంటాడంట. నేను చూళ్ళేదు. అలాంటివాళ్ళకి మాత్రం ఇవ్వకండి."

"ఇవ్వను."

"ఐదేళ్ళు మీరు దీన్ని ముట్టుకోనక్కర్లేదు."

చేతికి పెట్టుకున్నాడు. కొక్కెం పడలేదు. రెండోసారీ పడలేదు. ఆమె వంగి తను పెట్టింది. "కొత్తవి కదా సార్, బిగుతుగా ఉంటాయి" అంది. చెయ్యి వణుకుతోందమ్మా అని చెబుదామనుకున్నాడు. ఆమె అప్పటికే సంచిలో డబ్బా సర్దుతోంది. వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు.

గదికి వచ్చి షట్టరు ఎత్తాడు. క్యాలెండరు కాగితం చింపి, వెనక వైపు మార్కరుతో రాశాడు. ‘బ్యాటరీలు, పట్టీలు మాత్రమే. రిపేర్లు చెయ్యబడవు.’ అక్షరాలు వంకరగా వచ్చాయి. ఇంకో కాగితం మీద రాశాడు. అవీ అలాగే వచ్చాయి. మొదటిదే గాజుకు అతికించాడు.

మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. డిస్కౌంటు ఒకసారి మెట్లు దిగాడు, కాగితం చదివాడు, సిగరెట్టు కాల్చుకుని పైకి వెళ్ళాడు.

మూడింటికి బస్సు డ్రైవరు వచ్చాడు. అతని వాచీకి రెండేళ్ళకోసారి బ్యాటరీ వేసేది మామే.

"మామా, ఏంటిది? రిపేర్లు మానేశావా?"

"మానేశాను."

"ఏం, లాటరీ తగిలిందా?" గాజులోంచి మామ చెయ్యి చూశాడు. "అబ్బో! కొత్తది. డూప్లికేటా?"

"కాదు. అసలుదే. ఐదేళ్ళ వారంటీ ఉంది."

"నీకు వారంటీ ఎందుకు మామా? నేను బస్సెక్కి టికెట్టు కొన్నట్టుంది."

"చెయ్యి వణుకుతోంది" అన్నాడు మామ.

డ్రైవరు నవ్వు ఆపాడు. కాగితాన్ని ఇంకోసారి చదివాడు. వాచీని జేబులో సగం పెట్టి, మళ్ళీ బయటికి తీశాడు.

"బ్యాటరీ అయితే పర్లేదుగా?"

"పర్లేదు."

వాచీ ఇచ్చాడు. మామ అద్దం పెట్టుకుని, వెనక మూత తెరిచి, పాత బ్యాటరీ తీశాడు. ఇన్నేళ్ళూ జనం వాచీ ఇచ్చి రోడ్డు వైపు తిరిగి నిలబడేవాళ్ళు. ఫోను చూసుకునేవాళ్ళు, బస్సులు లెక్కపెట్టేవాళ్ళు. డ్రైవరు రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, మూత బిగించేదాకా మామ చేతినే చూశాడు.