దీవి దాటని డబ్బు

నా మొగుడికి డబ్బంటే మహా ముద్దు. పిసినారి అని కాదు, చూసుకుని మురిసిపోయేవాడంతే. వారం చివర మా యజమాని తువాన్ ఆఫీసులో కూలి పుచ్చుకుని ఇంటికి రాగానే ఆ తెల్ల బిళ్ళలను నూనెగుడ్డతో తుడిచి సంచీలో వేసేవాడు.

“నన్నెప్పుడైనా ఇంత ముద్దుగా చూశావా?” అనేదాన్ని.

“నువ్వు బియ్యం కొనిపెట్టవుగా,” అనేవాడు.

నిజమే, ఆ బిళ్ళలు మాకు అన్నీ కొనిపెట్టేవి. బియ్యం, టీ ఆకు, గేలాలు, పండక్కి పూల లుంగీ. దీవి తువాన్‌ది, కొబ్బరితోట తువాన్‌ది, కొట్టూ ఆయనదే, బిళ్ళలు చేయించిందీ ఆయనే. ఇక్కడ పుట్టినవాళ్ళం వేరే డబ్బు కంటితో చూసి ఎరగం.

నా అసలు పేరు రుబియా. మా దగ్గర మొదటి బిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల పేర్లు మూలపడతాయి. కూతురు జైతూన్ పుట్టిన రోజు నుంచి ఊరందరికీ నేను మాక్ జైతూన్‌ని, జైతూన్ అమ్మని. ఆయన పాక్ జైతూన్. ఇంట్లో కూడా అలాగే పిలుచుకునేవాళ్ళం. రుబియా ఎవరో నాకే గుర్తుండేది కాదు.

జైతూన్‌కి ఆరో ఏట గొంతు వాచింది. గుటక పడేది కాదు, ఊపిరి తీస్తే గురగురమని చప్పుడు. ఆకుపసర్లు పోశాం, ఇమాం గారు దువా చదివి ఊదారు, తువాన్ ఇంటి నుంచి తెచ్చిన మందూ అయిపోయింది. అప్పుడే ఎండుకొబ్బరి ఎక్కించుకోవడానికి ఓడ వచ్చింది. ఇలాంటి గొంతులు నయం చేసే డాక్టర్లు సింగపూర్‌లో ఉన్నారని ఓడవాళ్ళు చెప్పారు.

“సంచీ దించు,” అన్నాడాయన. “దీన్ని దేనికి దాచానో ఇప్పుడు తెలిసింది.”

పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని పడవలో కూర్చున్నాను. గాలి మా వెనకే ఉంది. ఓడ దగ్గరికి ఇట్టే చేరాం. ఓడ మీద మా మాట వచ్చినవాడు ఒక్కడే, జావా వంటవాడు. మా ఆయన సంచీ మూతి విప్పి వాడి ముందు పెట్టాడు.

“ఏంటి పెద్దాయనా, పిల్లలాడుకునే బిళ్ళలు తెచ్చావు?”

“ఆటబిళ్ళలు కావయ్యా. డబ్బు.”

“ఎక్కడి డబ్బు?”

“మా దీవి డబ్బు. కావాలంటే కొరికి చూడు.”

వాడు నవ్వాడు. తర్వాత నా ఒళ్ళోకి చూసి నవ్వు ఆపాడు. వెళ్ళి కెప్టెన్‌ని తీసుకొచ్చాడు. ఆ దొర ఒక బిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి, ముచ్చటపడి జేబులో వేసుకుని, జైతూన్ చేతిలో బిస్కట్టు పెట్టాడు. పిల్లకి గుటక పడదని ఆయనకేం తెలుసు.

“ఇవి మీ తువాన్ దగ్గర బయటి డబ్బుగా మార్చుకురావాలంట,” అన్నాడు వంటవాడు. “తొందరగా పోయి రండి అక్కా. సందెవేళకి లంగరెత్తేస్తాం.”

వెనక్కి వచ్చేటప్పుడు గాలి ఎదురు తిరిగింది. తెరచాప దించేసి ఆయన తెడ్డు వేశాడు. అరచేతులు చిట్లి తెడ్డు ఎర్రబడింది. నేను జైతూన్ ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను. చేతిలో బిస్కట్టు అలాగే పట్టుకుని ఉంది.

తువాన్ వరండాలో ఉన్నాడు. విసుక్కోలేదు, మర్యాదగానే మాట్లాడాడు.

“మారుస్తాను పాక్ జైతూన్. కానీ బిళ్ళలు మార్చుకుని పోయినవాళ్ళు మళ్ళీ ఈ దీవిలో అడుగు పెట్టకూడదు. మా తాతల నాటి కట్టుబాటు. తెలిసే అడుగుతున్నావా?”

మా ఆయన తల్లి మా ఇంట్లోనే ఉండేది. ఆమె ఏమవుతుందని నేను అడగలేదు, ఆయనా నా వైపు చూడలేదు.

“వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించండి తువాన్,” అన్నాడు.

కాగితం రాయించి, వేలిముద్ర వేయించి, ఇనప్పెట్టె తాళంచెవి తెప్పించేసరికి ఓడ కూత వినబడింది. రేవుకి పరుగెత్తాం. అప్పటికే ఓడ పగడపు దిబ్బలు దాటేసింది. నీళ్ళలో నడుము లోతు దాకా వెళ్ళి ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఎవరికి కనబడుతుందని. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది, ఎందుకో తెలియదు.

తువాన్ మంచివాడు. ఆ కాగితం చించేసి మా బిళ్ళలు మాకు తిరిగిచ్చేశాడు.

జైతూన్ మూడో రోజున పోయింది.

పిల్లని చుట్టే కఫన్‌కి తెల్లబట్ట కావాలి. ఆయన లేచే స్థితిలో లేడు. సంచీ తీసుకుని నేనే కొట్టుకి వెళ్ళాను. గుమాస్తా పాక్ ములియా బట్ట కొలిచాడు, చిన్న ముక్కే సరిపోయింది. బిళ్ళలు తీసుకుని గల్లాలో వేశాడు. ఇదెక్కడి డబ్బు అని అడగలేదు, నవ్వలేదు, చెల్లదని ఒక్కటి కూడా వెనక్కి ఇవ్వలేదు. అన్నీ చెల్లాయి.

బట్ట చంకన పెట్టుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు.

“మాక్ జైతూన్, చిల్లర మరిచిపోతున్నావమ్మా.”