నాలుక చేపకు కావలసిన బురద

మావారు పోయిన మూడో నెలలో నేను చేపల తొట్టి కడిగాను. అడుగున ఉన్న నల్లటి ఇసుకంతా తోడేసి, దుకాణంలో కొన్న తెల్లటి గులకరాళ్లు పరిచాను. ఉప్పునీళ్లు కొత్తవి పోశాను. ముందుగది శుభ్రంగా కనిపించింది.

తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క నాలుక చేప. అరచేయంత ఉంటుంది, అట్టముక్కలా చదును, రెండు కళ్లూ ఒకే పక్క. ఏరు సముద్రంలో కలిసే చోట ఎవరో వలలోంచి విదిలించి పారేస్తే ఆయన ఇంటికి తెచ్చారు. ఎప్పుడు చూసినా ఇసుకలో పూడుకుని, కళ్లు మాత్రం పైకి పెట్టి ఉండేది.

కడిగిన రోజు నుంచి అది తిండి ముట్టలేదు. రాళ్ల మీద పడి రెక్కలు ఆడించేది, కాస్త జరిగేది, మళ్లీ ఆడించేది. ఆయన ఇంటికి తెచ్చినవాటిలో ప్రాణమున్నది అదొక్కటే. తొమ్మిదో రోజున మా ఆడపడుచుకు ఫోన్ చేశాను. సముద్రం అడుగు బురద తీసి, అందులోని పురుగులను లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. రబ్బరు బూట్లతోనే వచ్చింది.

"ఏం వదినా, చేపకు తలంటు పోశావా?"

"తొట్టి కడిగాను."

"పౌడరు కూడా రాసేదానివే. చేతికి చిక్కలేదు కాబట్టి బతికిపోయింది." తొట్టికి ముఖం ఆనించి చూసింది. "తిండి పైన చల్లుతున్నావా?"

"ఆయన ఎలా పెట్టేవారో నేను ఎప్పుడూ చూడలేదు."

ఆమె తొట్టి మీంచి ముఖం తీసి నా వైపు తిరిగింది. "ఇది అడుగున దొరికేదే తింటుంది వదినా. అదీ ఒళ్లు దాచుకున్నాకే. నడివీధిలో పీట వేసి అన్నం పెడితే నువ్వు తింటావా? సరే, పాత ఇసుక ఏది?"

"మొక్కలకు పోశాను."

"ఉప్పు ఇసుకా! బాగుంది పంతులమ్మా, ఇక అవి కూడా తిండి మానేస్తాయి."

ఆ మధ్యాహ్నం సముద్రం ఆటుకు వెనక్కి తీసే వేళకు ఇద్దరం ఏరు కలిసే ఆ చోటికే వెళ్లాం. మోకాలి దాకా బురద. సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలున్న చోట తవ్వమంది. వాటి కింద పురుగులుంటాయట. నేను గవ్వముక్కలు, పుల్లలు తీసేస్తూ మెల్లగా బకెట్‌లో వేస్తున్నాను.

"జవాబు పత్రాలు దిద్దుతున్నావా ఏంటి? ఉన్నదున్నట్టు వెయ్యి. ఎంత కంపు కొడితే దానికంత ఇష్టం."

ఆ వాసన నాకు తెలుసు. ఆదివారాలు ఆయన చొక్కాకు ఉండేది. పెరట్లోనే విప్పి రమ్మనేదాన్ని.

దారిలో బకెట్ చెరో పక్కా పట్టుకున్నాం. "పుట్టినప్పుడు దీనికి కళ్లు రెండు పక్కలా ఉంటాయి, తెలుసా? పెరిగేకొద్దీ ఒకటి ఇటు వచ్చేస్తుంది. అచ్చం మా అన్నయ్యే. పెళ్లయ్యాక రెండూ నీ వైపే."

"ఒకటి ఎప్పుడూ ఆ తొట్టి మీదే ఉండేది," అన్నాను.

ఆమె ఎంత నవ్విందంటే బకెట్ దించాల్సి వచ్చింది.

రాళ్లు తీసి బురద పరిచాక నీళ్లు టీ రంగుకు తిరిగాయి. తేరుకోవడానికి రెండు గంటలు పట్టింది. చేప అంచులన్నీ ఒక్కసారి అలలా కదిలాయి. బురద లేచి పడింది. చేప కనిపించలేదు.

"ఎక్కడుంది?"

"కనిపించకపోతే క్షేమంగా ఉన్నట్టు."

ఆమె పురుగొకటి బురద మీద వదిలింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత పురుగు పక్కన బురద కాస్త ఉబ్బి, చదునైంది. పురుగు లేదు.

"తిన్నదా?"

"తిన్నది వదినా. ఇక దయచేసి దీన్ని కడగకు."

"అద్దం తుడవచ్చా?"

ఆమె ఖాళీ బకెట్ చేతిలోకి తీసుకుంది.

"బయటి పక్క," అంది.